పెద్దమ్మ ఎడమచెయ్యి

మంగళవారం మధ్యాహ్నం మా అత్తగారు మెత్తటి గుడ్డ కోసం నా ట్రంకు పెట్టె అడుగు దాకా వెతికి, చుట్టచుట్టి ఉన్న రెండు పట్టీలు బయటికి తీశారు. మూడు వేళ్ల వెడల్పు, నిలువెత్తు మనిషికి రెండింతల పొడవు. ఒకప్పుడు తెల్లగా ఉండేవి, ఇప్పుడు పాలలో టీ చుక్క పడిన రంగు. "ఇది బాగుండాది మ్మా, బిడ్డ చేతికి ఒరుసుకోదు" అంటూ ఒకటి విప్పి, అన్నం తినడానికి కూర్చున్న నా కూతురి ఎడమచేతి వేళ్లన్నీ కలిపి చుట్టి, మణికట్టు దగ్గర ముడి వేశారు. పాప ఏడవలేదు. ఆ చేతిని పైకెత్తి, అది ఎవరిదో అన్నట్టు చూసింది. తర్వాత కుడిచేత్తో పప్పన్నం తీసుకోబోయి, సగం ఒళ్లో పోసుకుంది.

మా అత్తగారు చెడ్డమనిషి కాదు. కదిరి బజారులో మా మామగారి బట్టల అంగడి చూసుకుంటూ ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. శుక్రవారం పాపకు అక్షరాభ్యాసం. బియ్యంలో తొలి అక్షరం ఎడమచేత్తో రాస్తే వచ్చినవాళ్లు ఏమనుకుంటారో అన్నది ఒకటి, రేపు బళ్లో దానికే ఇబ్బంది అన్నది ఇంకొకటి. "ఇప్పుడే మాన్పిస్తే మరిచిపోతాది మ్మా. మా ఇంట్లో ఇద్దరికి ఇట్లే మాన్పించినాం" అన్నారు. నేను పాప ఒళ్లోని మెతుకులు ఏరుతూ కూర్చున్నాను. నాకు భయం ఎక్కువ. పాప రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు వెతుకుతాను. స్కూలు ఆటోలో ఎంతమందిని ఎక్కిస్తారో నెల ముందే వెళ్లి లెక్కపెట్టి వచ్చాను. ఎడమచెయ్యి సంగతి డాక్టరమ్మను రెండుసార్లు అడిగాను, అది వాటమే గాని జబ్బు కాదని ఆమె రెండుసార్లూ చెప్పింది. అయినా, అత్తగారు అంటున్నదే నయమేమో, నలుగురిలో తేడాగా ఉండడం పాపకు ఎందుకు, అని నా మనసులో ఒక మూల గొణుగుతూనే ఉంది. కానీ ఆ పట్టీలు చేతులు కట్టెయ్యడానికి చేసినవి కావు. మా పెద్దమ్మ ఓబులమ్మ, అంటే మా నాయన అన్నగారి భార్య, తన పాత నేతచీర చింపి, అంచులు మడిచి కుట్టి, నా పిడికిళ్లకు చుట్టుకోమని ఇచ్చినవి. శుక్రవారం లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఆ నాలుగు రోజులూ పాప పడుకున్నాక కొంచెం కొంచెంగా ఇది రాస్తూ వచ్చాను.

ధర్మవరంలో మాది మూడు మగ్గాల ఇల్లు. వీధి తలుపు తియ్యగానే మగ్గాల గది, దాని వెనక వంటిల్లు, దాని వెనక పెరడు. మగ్గాలు మూడూ గుంత మగ్గాలే. నేలలో నడుముదాకా గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తారు. మా వైపు గాలిలో తడి ఉండదు. ఎండాకాలంలో పట్టుపోగు ఊరికే పుటుక్కుమంటుంది. అందుకని ఉదయమే మా అమ్మ గుంతల చుట్టూ నీళ్లు చిలకరించేది. కుళాయి నాలుగైదు రోజులకు ఒకసారి వచ్చే ఊళ్లో తాగేనీళ్లు కూడా ఆచితూచి ముంచుకునే వాళ్లం గాని, మగ్గం కింద నేలకు మాత్రం ఏనాడూ తక్కువ చెయ్యలేదు. ఆ తడిసిన మట్టి వాసన, సబ్బునీళ్లలో ఉడికిన పట్టు వాసన, తాత జేబులో బీడీకట్ట వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా తొలివాన పడితే అందరికీ పొలాలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం మగ్గం గుంత గుర్తొస్తుంది.

పెద్దమ్మ పొడుగు మనిషి. మా పెద్దనాయన కన్నా జానెడు ఎక్కువ. మా ఇంట్లో ప్రతి తలుపు పైచెక్కా ఏదో ఒకనాడు ఆమె నుదుటికి తగిలిందే. ఆమెది లోపలి గోడ పక్కనున్న మగ్గం. ఒక చేత్తో తాడు లాగితే పోగు మోసే నాడె ఈ చివరినుంచి ఆ చివరికి దూకుతుంది, ఆ పోగు బిగిసేలా ఇంకో చేత్తో మగ్గం పలకను దగ్గరికి కొట్టాలి. మా ఇంట్లో అందరూ తాడు కుడిచేత్తో లాగేవాళ్లు. పెద్దమ్మ ఎడమచేత్తో లాగేది, కానీ ఎప్పుడూ కాదు. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటిరోజు ఎడమచేత్తో వడ్డించబోతే, మా జేజి, అంటే మా నాయన అమ్మ, ఆ చేతి మీద గరిటతో ఒక్కటి వేసిందట. "మామ ముందర ఆ చెయ్యి కనపడితే ఊరుకునేది లేదు" అందట. జేజి నాకు ఊహ తెలియకముందే పోయింది. ఆ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. మా తాత బయటినుంచి వచ్చేటప్పుడు వీధి మలుపులోనే రెండుసార్లు దగ్గేవాడు. ఆ దగ్గు వినపడగానే పెద్దమ్మ తాడును కుడిచేతికి మార్చుకునేది. ఎడమచేత్తో నేసేటప్పుడు ఆమె మగ్గం చప్పుడు పరుగులాగా ఉండేది, కుడిచేతికి మారగానే నడకకు దిగేది. వంటింట్లో కూర్చుని చదువుకుంటూ, తాత ఇంట్లో ఉన్నాడో లేడో ఆ చప్పుడును బట్టే చెప్పేదాన్ని. దాన్ని వింతగా నేను ఎప్పుడూ అనుకోలేదు. మిగతా మగ్గాలు ఒకే తీరుగా మోగేవి, పెద్దమ్మ మగ్గం రెండు తీరులుగా మోగేది, అంతే.

డిగ్రీ మొదటి ఏడాదిలో నేను బాక్సింగులో చేరాను. ధైర్యం ఉండి కాదు, లేక. నా స్నేహితురాలు ఒంటరిగా వెళ్లలేక నన్ను లాక్కెళ్లింది, రెండు వారాలకు ఆమె మానేసింది, నేను ఉండిపోయాను. కాలేజీ వెనక రేకుల షెడ్డు, ఇసుక కలిపిన గుడ్డపీలికలు కూరి వేలాడదీసిన గోతం, నాలుగు జతల గ్లవ్స్. నేర్పే ఆయన పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి, అందరూ హవల్దారు సారు అనేవాళ్లు. మొదట్లో ఎదుటివాళ్ల చెయ్యి కదలగానే కళ్లు మూసుకునేదాన్ని. "కళ్లు మూసుకుంటే దెబ్బ తగలదా మే? తగిలేది యాడనో తెలీదు, అంతే" అనేవాడు సారు. ఏడాది తిరిగేసరికి కళ్లు తెరుచుకున్నాయి. రెండో ఏడాది అనంతపురంలో జరిగే ఎంపికల పోటీకి నన్ను పంపిస్తానన్నాడు. అందులో గెలిచిన ఒక్కరే రాష్ట్ర పోటీలకు వెళ్తారు. నా బరువు వాళ్లలో గట్టి మనిషి ఎవరో కూడా అప్పుడే చెప్పాడు.

"పామిడి పిల్ల. పోయినేడు చూసినా. నీకంటే తలకాయంత పొడుగు. అది కాదు సంగతి. ఎడమచేతి వాటం. మీరంతా కుడిచేతోళ్లతో ఆడి ఆడి అలవాటైపోయినారు. దాని ముందర నిలబడితే అద్దంలో కొట్టినట్లుంటాది. యా దెబ్బ యాటినుంచి వస్తాదో తెలీదు" అన్నాడు. సాధన చెయ్యడానికి ఎడమచేతి వాటం పిల్ల కావాలని మమ్మల్నందరినీ వరసలో నిలబెట్టాడు. పదకొండు మందిమి. ఎవరూ చెయ్యెత్తలేదు. కాసేపటికి ఒకతె, "నాకు చిన్నప్పుడు ఉన్నింది సార్. మా అవ్వ మాన్పించింది" అంది. ఇంకొకతె, "నాకు వేపాకు నూరి పూసినారు సార్" అంది. మూడో ఆమె మణికట్టు మీద పాత వాత చూపించింది. సారు ముగ్గురినీ ఎడమచేత్తో కొట్టమన్నాడు. ముగ్గురి చేతులూ దారి మరిచిపోయినట్టు గాల్లో తేలాయి. ఆయన టోపీ తీసి తల తుడుచుకుంటూ, "ఊర్లో ఉండే ఎడమచేతులన్నీ మాన్పించి పెట్టినారు, ఇప్పుడు నేను యాడనుంచి తెచ్చేదప్పా ఒకటి" అన్నాడు.

ఆ రోజు అన్నాల దగ్గర ఈ మాట చెప్పి నవ్వాను. మా నాయన నవ్వాడు, పెద్దనాయన నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. కుడిచేత్తో చారన్నం కలుపుతూ, "ఎంత పొడుగంట ఆ పిల్ల?" అని మాత్రం అడిగింది. మరునాడు తెల్లవారి తాత టీ అంగడికి వెళ్లగానే ఆమె పెరట్లోకి వచ్చి, కొంగు బిగించి దోపుకుని, రెండు చేతులూ పిడికిళ్లు కట్టి నిలబడింది. "రా మే. ఈ పొడుగు చాలునా?"

షెడ్డునుంచి తెచ్చుకున్న గ్లవ్స్ ఆమె చేతులకు తొడిగాను. ముప్పై ఏళ్లు పలక కొట్టిన భుజాలు ఆమెవి. మొదటిరోజు ఎడమచెయ్యి ఊరికే ఇట్లా చాపింది, నేను తులసికోటకు వెళ్లి ఆనుకున్నాను. హవల్దారు సారు నాకు సూత్రాలు చెప్పి పంపేవాడు, అవి ఎందుకో పెద్దమ్మ దగ్గర తెలిసేది. నేను ఎడమకాలు ముందు పెట్టి నిలబడతాను, ఆమె కుడికాలు ముందు పెడుతుంది. ఇద్దరి ముందుకాళ్లూ ఒకదాన్నొకటి తొక్కుకునేవి. రెండోరోజు ఆమె ఆగి, కిందికి చూసి, నా కాలును తన కాలితోనే నెట్టింది. "నీ కాలు నా కాలికి బయటపక్కన పెట్టు. పెట్టినావా? ఇప్పుడు చూడు, నా ఎడమచెయ్యి నీకాడికి రావల్లంటే నేను ఒళ్లంతా తిప్పుకోవల్ల. నువ్వు ఆ పక్కకే నడస్తా ఉండు. లోపల పెట్టినావనుకో, నేరుగా మూతి మీదికే వస్తాది." సారు అదే చెప్పాడు, కానీ సారు నల్లబల్ల మీద బాణాలు గీశాడు. పెద్దమ్మ కాలితో నెట్టి చూపించింది.

ఆమె తనకు తానుగా కనిపెట్టినవి ఇంకా ఉన్నాయి. నేను అలవాటుగా ఎడమచెయ్యి ముందు విసిరితే అది ఆమె ముందుచేతికి తగిలి ఆగిపోయేది. "ఆ చెయ్యి పనికి రాదు మే, నా చెయ్యి అడ్డముండాది. కుడిది పంపు, నేరుగా, నడిమధ్యన ఖాళీగా ఉండాది చూడు" అంది. దూరంగా నిలబడి ఆలోచిస్తుంటే తిట్టేది. "పొడుగోళ్లకు దూరమే కావల్ల. నువ్వు ఆడ నిలబడుకోని ఉంటే నాకు పండగ. గుంతలోకి దిగినట్ల మోకాళ్లు వంచి దిగు, నా చెయ్యి నీ తలకాయ మీదనుంచి పోతాది, అప్పుడు లోపలికి రా. నా ముఖం యాడనో పైన ఉండాది, దాని జోలికి పోవద్దు. కడుపు నీ ఎదురుగ్గానే ఉండాది కదా?" మగ్గం గుంతలోకి రోజుకు పదిసార్లు దిగి ఎక్కేదాన్ని, అందుకే ఆ వంగడం నాకు వెంటనే వచ్చింది. ఆమె ముఖాన్ని పోటీకి ముందు ఆ పది రోజుల్లో చూసినట్టు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చెమట, ముడి ఊడిన జుట్టు చెంపల మీద, పళ్లన్నీ కనిపించే నవ్వు. కుడిచేత్తో అన్నం తినే పెద్దమ్మది నిదానం, అణకువ. ఎడమచెయ్యి దొరికిన పెద్దమ్మ వేరే మనిషి.

ఒక్క తప్పు జరిగింది, అది మా ఇంట్లోనే జరగగలిగిన తప్పు. తాత టీ తాగి వచ్చే వేళకు సందులో దగ్గు వినపడేది. వినపడగానే, ఎంత జోరులో ఉన్నా, పెద్దమ్మ ఎడమచెయ్యి దానంతటదే కిందికి జారి కొంగు చాటుకు పోయేది. ఆ క్షణంలో ఆమె కడుపు తెరిచిన తలుపు. నేను దూరి రెండు తగిలించేదాన్ని. "దొంగ ముండ, తాత దగ్గితే కొడతావా" అని నవ్వేది. మొదట సరదాకే చేశాను. తర్వాత తెలియకుండానే నా ఒళ్లు దానికి అలవాటు పడింది. ఎడమచెయ్యి ఎప్పుడో ఒకప్పుడు దిగుతుందని, దిగేదాకా కాచుకోవాలని నాలో ఎక్కడో నాటుకుపోయింది.

అనంతపురానికి నాతో మా నాయన రావలసింది. ఆ వారమే మగ్గం మీద చీర దింపాల్సి వచ్చి ఆగిపోయాడు, పెద్దమ్మ వచ్చింది. బస్సులో ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని, పట్టీలు తీసి తానే నా చేతులకు చుట్టింది. బొటనవేలి మీదుగా, మణికట్టు చుట్టూ, వేళ్ల సందుల్లోంచి, పోగు అతికించినంత జాగ్రత్తగా. స్టేడియంలో పామిడి పిల్లను చూశాం. నల్లగా, సన్నగా, జొన్నకర్రలాగా నిటారుగా ఉంది. పెద్దమ్మ చాలాసేపు ఆ పిల్లనే చూసింది. ఆ పిల్ల నీళ్లసీసా ఎడమచేత్తో ఎత్తి తాగింది, బూటు తాళ్లు ఎడమచేత్తో బిగించుకుంది, పోటీ నడిపే పెద్దసార్లకు ఎడమచేత్తోనే నమస్కారం పెట్టినట్టు చెయ్యి ఊపింది.

మొదటి రౌండు నేను ఓడిపోయాను. కాలు బయట పెట్టడం మరిచిపోలేదు. కానీ పెట్టి, ఆగి, కాచుకున్నాను. ఆ ఎడమచెయ్యి దిగలేదు. దాన్ని ఎవరూ దించలేదు, అది దిగాలని దానికి తెలియను కూడా తెలియదు. భుజం దగ్గర స్థిరంగా నిలిచి, నేను కాచుకున్న ప్రతిసారీ వచ్చి నా ముక్కు మీద తట్టి వెళ్లింది. గంట కొట్టాక రింగు మూలకు వచ్చి కూర్చుంటే సారు ఏదో చెబుతున్నాడు, నాకు చెవులు హోరుమంటున్నాయి. పెద్దమ్మ తాళ్ల అవతలినుంచి వంగి, నా చెవిలో, "దానికి దగ్గే మామ లేడు మే. కాచుకోవద్దు. కాలు" అంది. అంతే. రెండో రౌండులో కాచుకోలేదు. కాలు బయటికి, మోకాళ్లు గుంతలోకి, కుడిచెయ్యి నడిమధ్యన, లోపలికి, కడుపు మీద, మళ్లీ బయటికి. ఆ రౌండు నాది. "కాలు, కాలు" అని పెద్దమ్మ గొంతు ఒక్కటే వినపడింది. మూడో రౌండు దాదాపు సమంగా పోయింది, ఆ పిల్ల చివర్లో ఒకటి ఎక్కువ కొట్టింది. చెయ్యి ఆ పిల్లది ఎత్తారు. సరిగ్గానే ఎత్తారు.

నేను ఏడుస్తూ పట్టీలు విప్పుకుంటుంటే పెద్దమ్మ నా దగ్గరికి రాకుండా ఆ పిల్ల దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుని, ముందూ వెనకా తిప్పి చూసింది. "నిన్ను ఎవరూ కొట్టలేదా మ్మా?"

"యా దానికి?"

"ఈ చేత్తో తింటే."

ఆ పిల్లకు అర్థం కాలేదు. "మా నాయన గూడా ఈ చేత్తోనే తింటాడు కదా పెద్దమ్మా" అంది. నాకు కాదు, తనకే పెద్దమ్మ అయినట్టు పిలిచింది. పెద్దమ్మ ఆ చేతిని వదలడానికి కొంచెం సేపు పట్టింది.

మరునాడు ఉదయం పెద్దమ్మ మగ్గం పరుగులో ఉండగా సందులో దగ్గు వినపడింది. నేను వంటింట్లో చెంబు పట్టుకుని ఆగిపోయాను. చప్పుడు మారలేదు. తాత లోపలికి వచ్చాడు, చెప్పులు విడిచాడు, మారలేదు. తాత మగ్గం దగ్గర నిలబడి కాసేపు చూశాడు. "ఏమి మ్మా, ఈ పొద్దు బిరబిరా నేస్తాండావు" అన్నాడు. పెద్దమ్మ తాడు వదలకుండానే, "ఎడమచేత్తో నేస్తాండా మామా. నాకు ఇదే వాటం. అత్త నీ ముందర వద్దనింది" అంది. తాతకు మాట అందడానికి ఒక బీడీ వెలిగించుకునేంత సేపు పట్టింది. "నేనెప్పుడన్నా ఏమన్నా అన్నానా మ్మా?" అన్నాడు. "నువ్వు దగ్గేటోనివి కదా మామా." "అది బీడీ దగ్గు మ్మా" అన్నాడు తాత. మా అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. ముప్పై ఏళ్ల నేత ఆమె కళ్లముందు తిరిగిందేమో. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె మగ్గం ఒకే తీరుగా మోగింది.

నేను ఆపైన ఇంకో ఏడాది ఆడాను, రెండు పతకాలు వచ్చాయి, తర్వాత బీఈడీ, పెళ్లి, పాప. ఇప్పుడు ధర్మవరంలోనే ఆడపిల్లలకు మంచి రింగు ఉంది. పొడుగాటి ఎడమచేతి మనిషిని ఎలా ఎదుర్కోవాలో ఫోన్‌లో ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు. నేనూ చూశాను. పెద్దమ్మ పెరట్లో చెప్పినవే చెబుతున్నారు. మా మూడు మగ్గాల్లో ఒకటే మిగిలింది, రెండు గుంతలు పూడ్చి పైన బండలు పరిచారు. అప్పటికన్నా ఇప్పుడు అన్నీ నయమే అనిపిస్తుంది నాకు, ఒక్క సంగతి తప్ప. అప్పుడు భయపడుతూనే కళ్లు తెరిచి ముందుకు నడిచిన పిల్ల నేనే. ఇప్పుడు నా బిడ్డ చేతికి గుడ్డ కడుతుంటే మాట పెగలనిదాన్నీ నేనే.

శుక్రవారం పొద్దున పెద్దమ్మ పాపకు పట్టుపావడా తీసుకుని ధర్మవరంనుంచి బస్సులో వచ్చింది. జుట్టు తెల్లబడింది, పొడుగు తగ్గలేదు, మా ఇంటి తలుపు పైచెక్క కూడా ఆమె నుదుటికి తగిలింది. పీట మీద పాప, ముందు పళ్లెంలో బియ్యం, పాప ఎడమచేతికి నా పట్టీ. పెద్దమ్మ ఆ పట్టీని గుర్తుపట్టింది. నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను, ఆమె ఏదైనా అంటుందని, నా బదులు తాను అనేస్తుందని. ఆమె ఆడపిల్ల తరఫున వచ్చిన మనిషి, ఈ ఇంట్లో ఆ మాట ఆమె అనకూడదు. గోడకు ఆనుకుని కూర్చుని, చూపు నా ముఖం మీదినుంచి నా పాదాలకు దించింది. "కాలు" అంది, నాకు మాత్రమే వినపడేటంత.

నేను పాప కుడిపక్కన కూర్చుని ఉన్నాను. లేచి, పీట వెనకనుంచి తిరిగి, బయటిపక్కకు, పాపకు ఎడమవైపుకు వచ్చి కూర్చున్నాను. ముడి గట్టిగా ఉంది, పంటితో విప్పాల్సి వచ్చింది. "ఆ చెయ్యి కాదు మ్మా" అన్నారు అత్తగారు. పట్టీని చుట్టచుట్టి ఒళ్లో పెట్టుకుని చెప్పాను. "దీని చెయ్యి ఇదే అత్తమ్మా. మాన్పించేది లేదు. బళ్లో అడిగితే నేను పోయి మాట్లాడతా."  సరిగ్గా అప్పుడే మామగారు అంగడినుంచి వచ్చి గుమ్మంలో దగ్గారు. నా చెయ్యి దానంతటదే పాప చేతి మీద కొంగు కప్పబోయి ఆగింది. గోడ దగ్గరినుంచి చిన్న నవ్వు వినపడింది. అత్తగారు నన్నూ, పాపనూ, ఆ నవ్వుతున్న మనిషినీ మార్చి మార్చి చూశారు. తర్వాత పళ్లెం అంచు పట్టుకుని, బియ్యం ఒలకకుండా, ఎడమపక్కకు జరిపారు.

పాప వేలిని పట్టుకున్నాను. ముడి గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. రెండో గీతకే నా చేతిలోంచి వేలు లాక్కుని, తనంతట తానే రాయడం మొదలుపెట్టింది.